జారిపడ్డ గాయానికి పరిహారం ఎంత? అమెరికాలో సెటిల్‌మెంట్ లెక్క నడిచే తీరు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఏ దుకాణంలోనో, అపార్ట్‌మెంట్ మెట్ల మీదో జారిపడి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు, ఆస్పత్రి బిల్లు చేతికందగానే ఇంట్లో తలెత్తే ప్రశ్న 'దీనికి పరిహారం ఎంత వస్తుంది?' అన్నదే. వెంటనే ఎవరో ఒకరు బిల్లును మూడుతో గుణించుకోమని సలహా ఇస్తారు. ఒకటిన్నర నుంచి అయిదు రెట్ల వరకు గుణించే ఈ పద్ధతి బేరసారాల్లో వాడుకలో ఉన్నమాట నిజమే గానీ, అది ఏ రాష్ట్ర చట్టంలోనూ లేదు, జ్యూరీకి న్యాయమూర్తి ఇచ్చే సూచనల్లోనూ కనిపించదు. ఒకే రకమైన తుంటి ఎముక విరుపుకు ఒకరికి లక్ష డాలర్లు దాటి రావచ్చు, మరొకరికి ఒక్క డాలరు కూడా రాకపోవచ్చు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియకుండా బిల్లును ఎన్నిసార్లు గుణించినా ప్రయోజనం ఉండదు.

ప్రెమిసెస్ లయబిలిటీ, అంటే స్థలాన్ని తన అధీనంలో ఉంచుకున్నవారి బాధ్యత, అనే న్యాయసూత్రానికి ఆధారం నిర్లక్ష్యం. దుకాణంలో పడ్డారు కాబట్టి దుకాణంవాళ్లు డబ్బు కట్టాలని చట్టం ఎక్కడా చెప్పదు. అక్కడ ప్రమాదకరమైన పరిస్థితి ఉందని, అది యజమానికి తెలుసునని, లేదా మామూలు జాగ్రత్త తీసుకుని ఉంటే తెలిసి ఉండేదని, తెలిసి కూడా సరిచేయలేదని, కనీసం హెచ్చరించలేదని పడినవారే రుజువు చేయాలి. కేసులు ఎక్కువగా చిక్కుకునేది 'తెలిసి ఉండేది' అన్న మాట దగ్గరే. నేల మీద ఆ తడి ఎంతసేపటి నుంచి ఉందన్న ప్రశ్నకు జవాబు దొరకకపోతే, గాయం ఎంత తీవ్రమైనదైనా క్లెయిము విలువ పడిపోతుంది.

మాసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం నూరేళ్ల కిందట విన్న రెండు అరటి తొక్క కేసులను న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. 1901 నాటి కేసులో ఒక ప్రయాణికుడు రైలు దిగి ప్లాట్‌ఫారం మీద అరటి తొక్కపై కాలువేసి పడ్డాడు. ఆ తొక్కను అదే రైలు దిగిన మరొకరు నిమిషం ముందే పడేసి ఉండవచ్చు గదా అని కోర్టు అతని దావాను తోసిపుచ్చింది. పదేళ్ల తర్వాత, 1911లో, బోస్టన్‌లోనే ఒక మహిళ అదే విధంగా పడింది. అయితే ఈసారి తొక్క ఎండిపోయి, నల్లబడి, మట్టి అంటుకుని, నలుగురూ తొక్కినట్టు చదునుగా ఉందని సాక్షులు చెప్పారు. అది చాలాసేపటి నుంచి అక్కడే పడి ఉందనీ, ఉద్యోగులు చూసి తీసివేయాల్సిందనీ జ్యూరీ అనుకోవడానికి ఆ ఆనవాళ్లు చాలునని కోర్టు తీర్పు చెప్పింది. రెండు కేసుల్లోనూ గాయాలున్నాయి. ఫలితాన్ని తేల్చింది మాత్రం తొక్క రంగు.

ఈ రోజుకీ ఆ తర్కం మారలేదు. టెక్సాస్‌లో ఒక మహిళ వాల్‌మార్ట్ దుకాణంలో, అక్కడి ఫలహారశాల నుంచి వచ్చిన ఉడికిన మాకరోనీ ముక్కల మీద జారిపడింది. జ్యూరీ ఆమెకు లక్ష డాలర్లు ఇచ్చింది. మాకరోనీకి మట్టి అంటుకుందనీ, దాని మీద అడుగుజాడలు, బండి చక్రాల గుర్తులు ఉన్నాయనీ సాక్ష్యం ఉంది. ఆ మట్టి, ఆ గుర్తులు కొద్ది నిమిషాల్లో కూడా ఏర్పడవచ్చు కాబట్టి, ఎక్కువసేపు పడి ఉందనడానికి అవి చాలవని టెక్సాస్ సుప్రీంకోర్టు 1998లో ఆ తీర్పును రద్దు చేసింది. ఆమెకు దక్కింది సున్నా. న్యూజెర్సీలో దారి వేరు. వినియోగదారులే గంపల్లోంచి కూరగాయలు ఏరుకునే స్వయంసేవా దుకాణంలో కాయలు కిందపడటం ఆ వ్యాపార పద్ధతిలోనే ఉన్న ప్రమాదం కాబట్టి, అది ఎంతసేపటి నుంచి నేల మీద ఉందో పడినవారు రుజువు చేయనక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 1966లో, ఒక బీన్స్ కాయ మీద జారిపడిన మహిళ కేసులో చెప్పింది. 2022లో ఆ సూత్రానికి ఒక హద్దు కూడా గీసింది: మూతపెట్టిన డబ్బాల్లో అమ్మే ద్రాక్షకు అది వర్తించదు. కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో జారిపడినవారికీ డాలస్ శివార్లలో జారిపడినవారికీ, గాయం ఒకటే అయినా, కేసు బలం ఒకటి కాదు. 'మా బంధువులకు ఇంత వచ్చింది' అనే మాట విన్నప్పుడు, ముందుగా ఏ రాష్ట్రంలో అని అడగాలి.

పడినవారు ఆ స్థలానికి ఏ హోదాలో వెళ్లారన్నది కూడా చాలా రాష్ట్రాల్లో ముఖ్యమే. కొనుగోలుకు వచ్చిన వినియోగదారు పట్ల యజమాని మిగతావారి పట్ల కన్నా ఎక్కువ జాగ్రత్త చూపాలి. ప్రమాదాలు ఉన్నాయేమో తానే తనిఖీ చేసుకోవాలి. స్నేహితుల ఇంటికి భోజనానికో పూజకో వెళ్లిన అతిథి విషయంలో టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో ఆ స్థాయి బాధ్యత ఉండదు. ఆ ఇంటివారికి నిజంగా తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించకపోతేనే వారు బాధ్యులవుతారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1968లో ఈ తరగతుల విభజనను పక్కనపెట్టి, అందరి పట్లా సహేతుకమైన జాగ్రత్త అనే ఒకే కొలతను తీసుకుంది. మనవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన మినహాయింపు న్యూజెర్సీలో ఉంది. మత, విద్య, సేవా ప్రయోజనాల కోసం లాభాపేక్ష లేకుండా నడిచే సంస్థ మీద, దాని సేవలను అందుకుంటున్న వ్యక్తి సాధారణ నిర్లక్ష్యం కింద దావా వేయడానికి అక్కడి చట్టం అనుమతించదు. ఆలయంలో దర్శనానికి వెళ్లిన భక్తులు తడి మెట్ల మీద జారిపడితే, ఈ రక్షణ అడ్డువచ్చే అవకాశం చాలా ఎక్కువ.

స్నేహితుల ఇంట్లో జరిగిన ప్రమాదాల్లో మొహమాటం చాలామందిని ఆపేస్తుంది. వారి మీద దావా ఎలా వేస్తామని ఊరుకుంటారు. ఇంటి బీమా ఉన్నచోట డబ్బు చెల్లించేదీ, లాయరును పెట్టుకుని వాదించేదీ బీమా కంపెనీయే గనుక, ఈ సంకోచం అవసరమైనదానికన్నా ఎక్కువని నా అభిప్రాయం. పైగా చాలా ఇంటి పాలసీల్లో తప్పెవరిదన్న ప్రశ్న లేకుండానే అతిథి వైద్య ఖర్చులకు కొన్ని వేల డాలర్ల వరకు ఇచ్చే భాగం విడిగా ఉంటుంది. దానికి దావా అక్కర్లేదు, అడిగితే చాలు. అయితే కొడుకు ఇంట్లోనే ఉంటూ ఆ ఇంట్లోనే పడిన తల్లిదండ్రుల విషయంలో చిక్కు ఉంది. అదే ఇంట్లో నివసించే బంధువులకు కలిగిన గాయాలను మామూలు ఇంటి పాలసీలు మినహాయిస్తాయి కాబట్టి, వారు నివాసులా, కేవలం సందర్శకులా అన్నది వివాదమవుతుంది.

తరువాత చూసేది పడినవారి తప్పు ఎంత అన్నది. ఫోను చూసుకుంటూ నడిచారనో, పసుపు రంగు హెచ్చరిక బోర్డును దాటి వెళ్లారనో, అరిగిపోయిన చెప్పులు వేసుకున్నారనో అవతలి పక్షం తప్పకుండా అంటుంది. కాలిఫోర్నియాలో జ్యూరీ మీ తప్పు 70 శాతమని తేల్చినా మిగతా 30 శాతం పరిహారం దక్కుతుంది. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో మీ వాటా 50 శాతం దాటితే ఏమీ రాదు. దాటకపోతే ఆ మేరకు తగ్గించి ఇస్తారు. జార్జియాలో 50 శాతానికి చేరినా పోయినట్టే. ఫ్లోరిడా 2023లో చట్టం మార్చి, టెక్సాస్ వరుసలోకి వచ్చింది. అన్నిటికన్నా కఠినమైనది వర్జీనియా, నార్త్ కరోలినా, మేరీలాండ్, అలబామాలు పాటిస్తున్న పాత నియమం: ప్రమాదానికి కారణమైన తప్పు మీలో ఒక్క శాతం ఉందని తేలినా సాధారణంగా మొత్తం క్లెయిము పోతుంది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఉత్తర వర్జీనియా, నార్త్ కరోలినాలోని ర్యాలీ, షార్లట్ ప్రాంతాలు ఈ నియమం కిందికే వస్తాయి. అక్కడ బీమా కంపెనీ తక్కువ మొత్తం చూపించి కూర్చోవడానికి ఇదే ధైర్యం.

ఇప్పుడు నష్టం లెక్కకు వద్దాం. ఆస్పత్రి వేసిన బిల్లూ, ఆస్పత్రి చివరకు తీసుకున్న సొమ్మూ ఒకటి కావు. బీమా సంస్థతో ఒప్పందం ప్రకారం 90,000 డాలర్ల బిల్లును 38,000కే సర్దుబాటు చేసుకోవడం అక్కడ నిత్యం జరిగేదే. టెక్సాస్‌లో 2003 నాటి చట్టం ప్రకారం నిజంగా చెల్లించిన, లేదా చెల్లించాల్సి ఉన్న సొమ్మే నష్టంగా లెక్కకు వస్తుంది. 2011లో అక్కడి సుప్రీంకోర్టు, రద్దైపోయిన బిల్లు మొత్తాన్ని జ్యూరీకి చూపించడానికి కూడా వీల్లేదంది. అదే ఏడాది కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా దాదాపు అదే మాట చెప్పింది. మరికొన్ని రాష్ట్రాల్లో పూర్తి బిల్లునే నష్టంగా చూపించవచ్చు. అందువల్ల బిల్లును గుణించే ముందు, ఏ బిల్లును గుణిస్తున్నామో తేల్చుకోవాలి.

నొప్పి, బాధ, జీవనంలో కోల్పోయిన సౌఖ్యం అనే పద్దుకు ధర కట్టే సూత్రం లేదు. పెద్ద బీమా కంపెనీలు కొన్ని 1990ల నుంచి కొలోసస్ వంటి సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. వైద్య రికార్డుల్లో ఉన్న నిర్ధారణలు, చికిత్స జరిగిన కాలం, మిగిలిపోయిన వైకల్యం వంటివి అందులో ఎక్కిస్తే అది ఒక శ్రేణిని చూపిస్తుంది. రికార్డులో లేనిది ఆ లెక్కలోకి రాదు. 'రాత్రిపూట నొప్పికి నిద్రపట్టడం లేదు', 'వంటింట్లో పది నిమిషాలు నిలబడలేకపోతున్నాను', 'నేల మీద కూర్చుని పూజ చేసుకోలేకపోతున్నాను' అనే మాటలు డాక్టరుతో చెప్పి రాయించుకున్నవారి క్లెయిముకూ, కొడుకుతో మాత్రమే చెప్పుకున్నవారి క్లెయిముకూ ఇక్కడ తేడా వస్తుంది. ఉద్యోగం లేని పెద్దలకు జీతనష్టం ఉండదు కాబట్టి, వారి రోజువారీ జీవితంలో ఏం పోయిందో చెప్పే ఈ వివరాలే క్లెయిముకు ఆధారం. వయసు మళ్లినవారికి ముందే బోలు ఎముకల వ్యాధి ఉందని అవతలివారు వాదిస్తారు. ఆ వాదన పూర్తిగా చెల్లదు. గాయపడిన మనిషి బలహీనుడైతే ఆ బలహీనతతోనే అతన్ని స్వీకరించాలనీ, గట్టి ఎముకలున్నవారికి అంత దెబ్బ తగిలేది కాదనడం సమాధానం కాదనీ అమెరికా న్యాయం చాలాకాలంగా చెబుతోంది. వారు తగ్గించగలిగేది ప్రమాదానికి ముందే ఉన్న నొప్పి వాటానే.

ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడటానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. టెక్సాస్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన 64 ఏళ్ల అమ్మ, ఒక దుకాణంలో ఫ్రీజరు నుంచి కారిన నీటి మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. విజిటర్ ఇన్సూరెన్స్ 38,000 డాలర్లు చెల్లించింది. రాబోయే ఫిజియోథెరపీకి 7,000 అనుకుందాం. నొప్పికీ వైకల్యానికీ అక్కడి జ్యూరీ 1,05,000 ఇవ్వవచ్చని అంచనా. పూర్తి విలువ 1,50,000. ఆమె తప్పు 20 శాతమని తేలవచ్చనుకుంటే 1,20,000. ఫ్రీజరు కారుతున్నట్టు సిబ్బందికి ముందే తెలుసునని రుజువయ్యే అవకాశం 60 శాతమైతే, ఈ క్లెయిము నేటి విలువ 72,000 డాలర్ల దగ్గర నిలుస్తుంది. విచారణకు పోతే ఇద్దరికీ అయ్యే నిపుణుల ఫీజులు, పట్టే కాలం చూసుకుని బేరం దీనికి కాస్త అటూ ఇటూ కుదురుతుంది. ఇదే సంఘటన వర్జీనియాలో జరిగి ఉంటే ఆ 20 శాతం తప్పు మొత్తం కేసునే మింగేయగలదు కాబట్టి, బేరం ఇంతకంటే చాలా కింద మొదలవుతుంది.

72,000కు సెటిల్ అయిందనుకుందాం. దావా వేయకముందే పరిష్కారమైన కేసుల్లో లాయరు ఫీజు మూడో వంతు ఉండటం మామూలు. అది 24,000. రికార్డులు తెప్పించడం వంటి ఖర్చులు 2,000. మిగిలిన 46,000 నుంచి, తాను కట్టిన 38,000 తిరిగి ఇవ్వమని విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ షరతు చూపించి అడుగుతుంది. అప్పుడు అమ్మకు దక్కేది 8,000. లాయరు ఆ కంపెనీతో మాట్లాడి దాన్ని సగానికి, అంటే 19,000కు, తగ్గించగలిగితే 27,000 దక్కుతాయి. సెటిల్‌మెంట్ మొత్తం ఒక్క డాలరు కూడా పెరగకుండానే చేతికొచ్చేది మూడు రెట్లకు పైగా పెరిగింది. లాయరును ఎంచుకునేటప్పుడు ఎంత తెస్తారని అడిగేవారు చాలామంది. తిరిగి చెల్లించాల్సినవాటిని ఎవరు, ఎలా తగ్గిస్తారు, దానికి వేరే ఫీజు ఉందా అని అడిగేవారు అరుదు. నా దృష్టిలో రెండో ప్రశ్నే ముందు అడగవలసింది.

ఈ తిరుగు చెల్లింపుల హక్కును అక్కడ లీన్ అంటారు. ముఖ్యంగా పెద్దవయసువారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కట్టిన సొమ్ము ఫెడరల్ చట్టం ప్రకారం తిరిగి ఇవ్వాల్సిందే. తక్కువ ఆదాయంవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌కూ హక్కు ఉంది. పెద్ద ఐటీ కంపెనీల ఉద్యోగుల ఆరోగ్య పథకాలు అనేకం కంపెనీ సొంత నిధులతో నడిచేవి. అటువంటివాటికి రాష్ట్రాలు కల్పించిన పరిమితులు వర్తించవని అమెరికా సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అవి పైసాతో సహా అడగగలవు. 2013లో అదే కోర్టు, పథకం పత్రంలో ఏం రాసి ఉందో అదే చెల్లుతుందనీ, న్యాయబుద్ధి పేరుతో దాన్ని దాటలేమనీ తేల్చింది. అందుకే బేరానికి ముందే పథకం అసలు పత్రాన్ని తెప్పించుకుని చదవాలి. బ్రోషరు చదివి సరిపెట్టుకోకూడదు.

పై ఉదాహరణలో 60 శాతం అన్న అంకెను మార్చి చూస్తే రుజువు ఎంత విలువైనదో తెలుస్తుంది. సీసీటీవీ దొరక్క, సాక్షులు లేక అది 25 శాతానికి పడిపోతే క్లెయిము విలువ 30,000. ఫీజు, ఖర్చులు పోగా మిగిలేది 18,000. అది బీమా కంపెనీ అడిగే సొమ్ముకే చాలదు. అటువంటి కేసును చాలామంది లాయర్లు తీసుకోనే తీసుకోరు. టెక్సాస్‌లోనే ఒక కిరాణా దుకాణంలో, ఒక డబ్బాలోంచి కారిన నూనె మీద జారిపడిన వ్యక్తి ఆ క్షణంలో తనకు గాయమైనట్టు చెప్పలేదు. దుకాణం అతను లోపలికి రావడం, పడటం కనిపించే ఎనిమిది నిమిషాల వీడియోను మాత్రమే భద్రపరిచింది. మిగతాది దాదాపు నెల రోజుల తర్వాత దానంతట అదే చెరిగిపోయింది. నూనె ఎప్పటి నుంచి ఉందో చూపించగలిగిన భాగం అందులోనే పోయింది. వీడియో చెరిగిపోనిచ్చిన తప్పును లెక్కలోకి తీసుకోమని సూచన పొందిన జ్యూరీ పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. దుకాణం ఉద్దేశపూర్వకంగా దాచిందని రుజువు కానప్పుడు ఆ సూచన చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2014లో ఆ తీర్పును కొట్టేసి, కొత్తగా విచారించమంది.

కాబట్టి పడిన రోజే నేలను, చెప్పులను, పక్కనున్న వస్తువులను ఫోటోలు తీయడం, మేనేజరుతో సంఘటన నివేదిక రాయించడం, ఆ రోజు మొత్తం వీడియోను భద్రపరచమని కోరుతూ వారంలోపు లిఖితపూర్వకంగా పంపడం క్లెయిము విలువను నేరుగా పెంచే పనులు. నలుగురూ చుట్టూ చేరి 'ఏమైంది?' అని అడిగినప్పుడు 'ఏం ఫర్వాలేదు, నాకేం కాలేదు' అనడం మన పెద్దలకు అలవాటైన మర్యాద. నివేదికలో ఆ మాటే గాయపడినవారి వాంగ్మూలంగా నమోదై, నెలల తర్వాత అడ్జస్టరు, అంటే క్లెయిమును పరిశీలించే బీమా కంపెనీ ప్రతినిధి, చేతిలో ఆయుధమవుతుంది. నొప్పి ఎక్కడుందో, నేల మీద ఏం కనిపించిందో అంతవరకే చెప్పడం మేలు. మరునాడు బీమా కంపెనీ నుంచి ఫోను చేసి, మాటలు రికార్డు చేసుకుంటామంటే, అవతలి కంపెనీకి అలా వాంగ్మూలం ఇవ్వాల్సిన బాధ్యత లేదని గుర్తుంచుకోవాలి.

ఎంత బలమైన కేసైనా చెల్లించే జేబు లోతును మించి పోదు. ఇంటి పాలసీల్లో బాధ్యత పరిమితి తరచుగా లక్ష, మూడు లక్షలు, అయిదు లక్షల డాలర్ల దగ్గర ఉంటుంది. వ్యాపార పాలసీల్లో ఒక సంఘటనకు పది లక్షలు మామూలు. నష్టం పాలసీ పరిమితిని దాటేలా ఉన్నప్పుడు, ఆ పరిమితిలోపు ఇచ్చిన సహేతుకమైన ప్రతిపాదనను నిర్లక్ష్యంగా తిరస్కరించిన బీమా కంపెనీ, తర్వాత వచ్చే పూర్తి తీర్పును తానే భరించాల్సి రావచ్చునని టెక్సాస్‌లో 1929 నుంచి నియమం ఉంది. తీవ్ర గాయాల కేసుల్లో లాయర్లు గడువు పెట్టి లేఖలు రాయడానికి కారణం ఇదే. శరీర గాయానికి వచ్చే పరిహారానికి అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. శిక్షగా విధించే అదనపు సొమ్ముకూ వడ్డీకీ ఉంటుంది.

సంతకం ఎప్పుడు చేయాలన్నది చివరి నిర్ణయం. ఇక ఏ క్లెయిమూ చేయనని ఒప్పుకునే విడుదల పత్రం మీద సంతకం పడ్డాక, ఆరు నెలలకు మళ్లీ శస్త్రచికిత్స చేయాలని తేలినా ఆ ఫైలు తెరవరు. అందుకే, ఇక ఇంతకన్నా మెరుగుపడే అవకాశం లేదని డాక్టరు చెప్పేదాకా ఆగడం మంచిది. వీసా గడువు తరుముతుంటే, తిరుగు ప్రయాణానికి ముందే అమెరికాలోని డాక్టరుతో భవిష్యత్ చికిత్స గురించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనసాగించే చికిత్సకు బిల్లులు, రికార్డులు దాచుకోవాలి. అవసరమైతే వాంగ్మూలాన్ని వీడియోలో తీసుకునే ఏర్పాటు లాయరు చేయగలరు. ఇంత ఓపికకూ ఒక హద్దు ఉంది. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియాల్లో దావా వేయడానికి రెండేళ్లు, న్యూయార్క్, నార్త్ కరోలినాల్లో మూడేళ్లు. పడిన చోటు ప్రభుత్వానిదైతే, ఉదాహరణకు మునిసిపల్ భవనమో, బడి ఆవరణో, బస్ స్టేషనో అయితే, న్యూజెర్సీలోనూ న్యూయార్క్‌లోనూ 90 రోజుల్లో, కాలిఫోర్నియాలో ఆరు నెలల్లో ముందస్తు నోటీసు చేరాలి. బీమా కంపెనీ మర్యాదగా ఉత్తరాలు రాస్తూ, ఇంకా పరిశీలిస్తున్నామని చెబుతున్నంత మాత్రాన ఈ గడువుల్లో ఏ ఒక్కటీ ఆగదు.